తొమ్మిదో తరగతి పిల్లలకు యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ ఎలా చూపించాలి?

ప్రశ్న: బయాలజీ టీచర్, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. పోయిన వారం ఒక పిల్లాడు జలుబుతో ముక్కు ఎగబీలుస్తూ క్లాసుకొచ్చాడు. జేబులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్, అందులో మూడు కాప్సూల్స్. "చెల్లికి తగ్గిపోయాక మిగిలినవి మేడమ్, అమ్మ వేసుకోమంది" అన్నాడు. స్ట్రిప్ వెనక ఎర్ర గీత చూపించి ఇదేంటని అడిగితే, డిజైన్ అన్నారు క్లాసంతా.

ఆ రోజే పాఠం ఆపి యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ గురించి, అంటే బాక్టీరియా మందుకు లొంగకుండా పోవడం గురించి చెప్పాను. మర్నాడు రాయమంటే సగం మందికి పైగా "మందులు ఎక్కువ వాడితే శరీరం అలవాటు పడిపోతుంది" అని రాశారు. మారేది శరీరం కాదు, బాక్టీరియా అని వాళ్ళ కళ్ళకు కట్టేలా చూపించాలి. మా ల్యాబ్‌లో బాక్టీరియా పెంచే వీలు లేదు, పిల్లలతో అది మంచిది కూడా కాదు. దయచేసి దారి చెప్పండి.

జవాబు: రిటైర్డ్ సైన్స్ మాస్టారు, గుంటూరు

అమ్మా, గింజలతో ఆడించండి. నలుగురికి ఒక పళ్ళెం. అందులో 18 శనగలు, 2 చింతపిక్కలు. శనగలు మందుకు చచ్చే బాక్టీరియా, చింతపిక్కలు చావనివి. ఒక్కో డోసుకు 10 శనగలు తీసేయాలి. ఆ తర్వాత మిగిలిన ప్రతి గింజకూ అదే రకం ఇంకొకటి కలపాలి. మొదటి డోసయ్యాక 16 శనగలు, 4 చింతపిక్కలు. రెండో డోసుకు 12, 8. మూడో డోసుకు 4, 16.

ప్రతిసారీ పళ్ళెంలో ఉండేది ఇరవయ్యే. ఒక్క శనగ కూడా చింతపిక్కగా మారలేదు, పళ్ళెం అసలే మారలేదు. ఆ పళ్ళెమే మన ఒళ్ళు అని అప్పుడు చెప్పండి.

జవాబు: ఫార్మసిస్ట్, వరంగల్

మేడమ్, ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. 2016లో కేంద్రం దీని మీద ప్రచారం కూడా చేసింది. అయితే ఆ గీత యాంటీబయాటిక్స్‌కు ఒక్కటే కాదు, చీటీ మీద అమ్మాల్సిన వేరే మందులకూ ఉంటుంది. కొన్ని యాంటీబయాటిక్స్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే, అమ్మకం మీద గట్టి నిబంధనలున్న మందుల జాబితాలో ఉన్నాయి. వాటికి రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. అయినా సాయంత్రమైతే "జలుబుకి ఏదైనా యాంటీబయాటిక్ రెండు బిళ్ళలివ్వు" అనే మాట వినని రోజు లేదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మందు దాన్ని ఏమీ చేయదు. పిల్లలు ఇంట్లో ఈ ఒక్క ముక్క చెప్పినా నాకు చాలు.

ప్రశ్న అడిగిన టీచర్

మాస్టారూ, ఈరోజు ఆడించాను. రెండో డోసు దగ్గర ఒక అమ్మాయి "ఇక్కడితో మందు ఆపేస్తే చింతపిక్కలు పోతాయా?" అంది. అందరూ లెక్కేశారు. డోసు లేకుండా రెట్టింపు చేస్తే 24 శనగలు, 16 చింతపిక్కలు. పోలేదు, ఇంకా పెరిగాయి. క్లాసులో చప్పుడు లేదు.

ఆ స్ట్రిప్ పిల్లాడు మాత్రం ఇంకోటి అడిగాడు: "మేడమ్, మొదట్లో ఆ రెండు చింతపిక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి?" మ్యుటేషన్ (జన్యువుల్లో దానంతటదే వచ్చే మార్పు), బాక్టీరియా ఒకదానికొకటి జన్యువులు ఇచ్చుకోవడం, రెండూ రేపు చెబుతాను. వాళ్ళమ్మను కూడా రమ్మన్నాను, గింజలు అలాగే ఉంచాను.