కొరియన్‌లో ‘షాపు తెరిచారు’ అనడానికి ఏ మాట వాడాలి?

ప్రశ్న: యొల్దా (తెరవడం), గేయొప్, ఓపున్ (ఇంగ్లీషు ‘ఓపెన్’) మూడూ ఒకటేనా? వార్తల్లో గేజొమ్, గేజాంగ్ కూడా కనిపిస్తున్నాయి. పొద్దున షట్టరు ఎత్తారనడానికీ, కొత్తగా పెట్టారనడానికీ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు 1: ‘మునుల్ యొరొస్సొయో’ (తలుపు తెరిచారు) అంటే రెండు అర్థాలూ వస్తాయి, మన ‘కొట్టు తెరిచారు’ లాగే. కొత్తదని తేలాలంటే ముందు ‘సేరో’ (కొత్తగా) చేర్చండి, లేదా గేయొప్ అనండి.

‘గే’ అంటే తెరవడం. ఏది తెరుస్తున్నారో దాని పక్కనున్న అక్షరం చెబుతుంది. ‘యొప్’ వృత్తి, వ్యాపారం కాబట్టి హోటలుకీ లాయరు ఆఫీసుకీ గేయొప్. ‘జొమ్’ అంటే దుకాణం, డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి గేజొమ్. రోజూ తెరిచే వేళకూ ఇదే వాడతారు. ‘జాంగ్’ అంటే జనం చేరే చోటు. సముద్రతీరం, స్కీ మైదానం, స్టాక్ మార్కెట్ తెరవడం గేజాంగ్. క్లినిక్‌కి గేవొన్, మ్యూజియానికి గేగ్వన్. రోడ్డుకీ రైలు మార్గానికీ వాడే గేథోంగ్‌ని షాపుకి వాడితే నవ్వుతారు.

జవాబు 2: మాటల్లో ఎక్కువగా వినిపించేది ‘ఓపున్ హెస్సొయో’. ‘గాఓపున్’ అంటే అసలు ప్రారంభానికి ముందు పరీక్షగా నడపడం. అప్పుడు మెనూ పూర్తిగా ఉండకపోవచ్చు. ‘షిన్‌జాంగ్ గేయొప్’ బోర్డు ఉంటే లోపల కొత్తగా తీర్చిదిద్ది మళ్లీ తెరిచారని.

చాలామంది పొరబడేది ‘జున్బీ జుంగ్’ దగ్గర. మాటకి అర్థం ‘సిద్ధమవుతున్నాం’, కానీ తలుపు మీద ఉంటే ఇప్పుడు లోపలికి రావద్దని. ‘యొంగొప్ జుంగ్’ (వ్యాపారం నడుస్తోంది) ఉంటేనే వెళ్లండి. ఫోన్ చేసి అడగాలంటే ‘ఒనుల్ యొంగొప్ హసేయో?’ (ఇవాళ తెరిచి ఉంటారా?) సరైన మాట.

మూయడంలోనూ ఇదే చిక్కు: ‘మున్ దదస్సొయో’ అంటే ఇవాళ్టికి మూశారనీ, వ్యాపారమే ఎత్తేశారనీ రెండూ. ఎత్తేస్తే ‘పేయొప్’, కొన్నాళ్లు ఆపితే ‘హ్యూయొప్’ అంటే సందేహం ఉండదు.

జవాబు 3: ఉచ్చారణ కూడా చూసుకోండి. యొల్దాలోని ‘ల్’ కొన్ని ప్రత్యయాల ముందు ఎగిరిపోతుంది: తెరిచే వేళ ‘యొనున్ షిగాన్’, యొల్నున్ కాదు. గేయొప్‌కి హదా (చేయడం) చేరితే గేయొఫాదా అని పలుకుతారు. ‘దచ్యొస్సొయో’ అని వినిపిస్తే తలుపు మూసుకుందనీ కావచ్చు, దెబ్బ తగిలిందనీ కావచ్చు. రాతలో వేరు, పలికితే ఒకటే.

కాగితాల మీద గేయొప్‌కి కచ్చితమైన అర్థముంది. వ్యాపార నమోదు పత్రంలో గేయొప్ తేదీ అచ్చవుతుంది, వ్యాపారం మొదలైన 20 రోజుల్లోపు పన్నుల కార్యాలయంలో (సెముసొ) నమోదు చేయించాలి. ‘ఛాంగొప్’ అంటే వ్యాపారాన్ని స్థాపించడం, ఆలోచన దశ నుంచీ వర్తిస్తుంది.

కొత్త షాపు వాళ్లని అభినందించడానికి ‘గేయొబుల్ చుకాహమ్నిదా’. దగ్గరివాళ్లయితే ‘దేబాక్ నసేయో’ (వ్యాపారం బ్రహ్మాండంగా సాగాలి) అనండి, వాళ్లకి అదే ఎక్కువ ఇష్టం.