క్యూబాలో చైనా కూలీల 8 ఏళ్ల కాంట్రాక్టు: గడువు అయ్యాక ఏం జరిగేది?

ప్రశ్న: మా పూర్వీకులు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు 5 ఏళ్ల ఒప్పందం మీద వెళ్లారు. క్యూబా వెళ్లిన చైనావాళ్లది 8 ఏళ్లట. మరి అది అయ్యాక వదిలేసేవారా?

జవాబు 1: పేరుకే వదిలేయడం. అప్పట్లో క్యూబా స్పెయిన్ పాలనలో ఉండేది. అక్కడి 1860 నిబంధనల ప్రకారం, గడువు తీరినవాడు మళ్లీ ఒప్పందం రాసుకోవాలి, లేదా సొంత ఖర్చుతో దీవి విడిచి వెళ్లాలి. నెల జీతం 4 పెసోలు. ఓడ టికెట్‌కి ఎక్కడ మిగులుతుంది? తిరుగు ప్రయాణం హామీ కాంట్రాక్టులో లేదు. జబ్బుపడి పని మానిన రోజులను గడువు చివర్లో కలిపేవారు.

జవాబు 2: కాంట్రాక్టు స్పానిష్‌లోనూ చైనీస్‌లోనూ ఉండేది, తిండి, ఏడాదికి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి అని. నాకు ఒళ్లు మండేది ఇంకో షరతు చూస్తే: క్యూబాలో స్వేచ్ఛా కూలీలకూ బానిసలకూ ఇంతకన్నా ఎక్కువ వస్తుందని తెలిసే ఒప్పుకుంటున్నానని కూలీ చేతే రాయించుకునేవారు! పైగా హవానాలో ఆ కాగితాన్ని ఇంకొకరికి అమ్మేవారు. కాగితంతోపాటు మనిషీ వెళ్లేవాడు. బానిసత్వం అక్కడ 1886 దాకా ఉంది కాబట్టి యజమానులకు కొరడా కొత్త కాదు.

ప్రశ్న అడిగినవారు: ఎవరూ ఫిర్యాదు చేయలేదా?

జవాబు 2: చేశారు. 1874లో చెన్ లాన్‌పిన్ నాయకత్వంలో చైనా కమిషన్ వచ్చి 1,176 వాంగ్మూలాలు, 85 అర్జీలు తీసుకుంది. 1877లో స్పెయిన్‌తో ఒప్పందం కుదిరి ఈ కాంట్రాక్టు వలస ఆగింది.