విడిపోయాక పిల్లల కస్టడీ: తండ్రికి సమాన సమయం చట్టంలోనే రాయాలా?

నాన్నకూ_సగం

ప్రశ్న సూటిగానే పెడుతున్నాను. భార్యాభర్తలు విడిపోతే పిల్లల సమయం తల్లికీ తండ్రికీ చెరిసగం ఉండాలి, వద్దనేవాళ్ళే కారణం చూపించుకోవాలి. ఇది చట్టంలోనే మొదటి నియమంగా ఉండాలని నా వాదన.

ఇప్పుడు మామూలుగా నడిచే వరస చూడండి. పాప తల్లి దగ్గర ఉంటుంది. తండ్రి పిటిషన్ వేస్తాడు. నోటీసు అందాలి, కౌంటర్ పడాలి, కౌన్సెలింగ్ కావాలి, మధ్యలో వాయిదాలు. ఈలోగా ఒక మధ్యంతర ఉత్తర్వు వస్తుంది: నెలకు రెండు శనివారాలు, కోర్టు ఆవరణలోనే, రెండేసి గంటలు. అంటే నెల మొత్తానికి నాలుగు గంటలు. అసలు విచారణ మొదలయ్యేసరికి పాపకి తండ్రి దూరపు చుట్టంలా కనిపిస్తాడు. అప్పుడేమంటారు? ‘పాప తల్లి దగ్గర అలవాటు పడిపోయింది, ఇప్పుడు కదిలిస్తే మంచిది కాదు’ అని. ఆ అలవాటు చేసినవి వాయిదాలే కదా.

లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదిక ఉమ్మడి కస్టడీ కావాలంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం 2018లోనే సమాన సమయాన్ని మొదటి నియమం చేసింది. మనమెందుకు చేయలేం? ఆడవాళ్ళ మీద కోపంతో అడగడం లేదు. నాన్న కోసం ఎదురుచూసే పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు.

నిర్వాహకులు

‘ఆడవాళ్ళంతా’, ‘మగాళ్ళంతా’ అని మొదలయ్యే పోస్టులు తీసేస్తాం. సొంత కేసు నంబర్లు, పిల్లల పేర్లు, ఉత్తర్వుల ఫొటోలు పెట్టొద్దు. 498ఏ మీద వేరే చర్చ నడుస్తోంది, దాన్ని ఇక్కడికి తేవద్దు.

పురానీహవేలీ_వకీలు

ముందుగా ఒక సవరణ, సర్. 257వ నివేదిక ఉమ్మడి కస్టడీని జడ్జి ముందుండే ఒక మార్గంగా చేర్చమంది. చెరిసగం ఖాయమని ముందే అనుకోమనలేదు.

‘చట్టమే తండ్రికి వ్యతిరేకం’ అని చాలామంది అంటారు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ చదివితే ఆ మాట నిలవదు. సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి అని ఉంది అందులో. ఆ ‘తర్వాత’కి ‘తండ్రి పోయాకే’ అని అర్థం చెప్పకూడదని 1999లో సుప్రీంకోర్టు వివరించాల్సి వచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలన్నదీ అదే సెక్షన్. పాతబస్తీ కేసుల్లో హిజానత్ మాట వస్తుంది, అంటే ముస్లిం చట్టంలో చిన్నపిల్లల్ని తన దగ్గర ఉంచుకునే తల్లి హక్కు. ముస్లిం చట్టంలోని హనఫీ పద్ధతిలో కొడుకు ఏడేళ్ళ దాకా, కూతురు యుక్తవయసు దాకా తల్లి దగ్గర ఉంటారు, సంరక్షకుడు మాత్రం తండ్రే. ఎవరి కేసైనా చివరికి గీటురాయి ఒకటే, పిల్లల సంక్షేమం.

తండ్రులు ఎక్కువగా ఓడేది కాగితం దగ్గర. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జీడబ్ల్యూఓపీ (ఆ చట్టం కింద వేసే అసలు పిటిషన్) వేయాల్సింది పిల్లలు మామూలుగా నివసించే చోటి కోర్టులో. పాప ఉప్పల్‌లో ఉంటే పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టులో వేసి లాభం లేదు. అవతలివాళ్ళు పరిధి అభ్యంతరం లేవదీస్తారు, దానిమీదే నెలలు పోతాయి. విడాకుల ఓపీ (అసలు పిటిషన్) ఇప్పటికే నడుస్తుంటే అందులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసుకోవచ్చు, విడిగా తిరగక్కర్లేదు.

అంతకంటే పెద్ద పొరపాటు ప్రార్థనలో, అంటే పిటిషన్‌లో కోర్టును ఏం కోరుతున్నామో రాసే చోట. ‘రీజనబుల్ విజిటేషన్ (పాపను కలవడానికి తగినంత సమయం) ఇప్పించండి’ అని ఒక్క వాక్యం రాస్తారు. ఉత్తర్వులోకి కూడా అదే వాక్యం వస్తుంది. ఆయన లెక్కలో రీజనబుల్ అంటే రెండు రోజులు, ఆమె లెక్కలో రెండు గంటలు. మొదటి శనివారమే గొడవ. ఐఏలో ఇలా రాయండి:

‘ప్రతి నెల రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకు ఉప్పల్ మెట్రో స్టేషన్ ప్రవేశం దగ్గర తల్లి గానీ అమ్మమ్మ గానీ పాపను అప్పగించాలి. సాయంత్రం 5 గంటలకు తండ్రి అక్కడే తిరిగి అప్పగించాలి. అరగంట మించి ఆలస్యమయ్యేలా ఉంటే ముందే మెసేజ్ పెట్టాలి. జ్వరం వల్ల గానీ పరీక్ష వల్ల గానీ ఆ రోజు తప్పితే మర్నాడు ఆదివారం, కుదరకపోతే వచ్చే శనివారం అదే సమయం. దసరా, సంక్రాంతి సెలవులు సగం సగం, పండగ రోజు ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు. రోజూ రాత్రి 7.30కి వీడియో కాల్.’

చివరి షరతు కొత్తదేమీ కాదు. కస్టడీ లేని తల్లికి గానీ తండ్రికి గానీ పిల్లలతో రోజూ అయిదు, పది నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పిటిషన్లలో అడగనివాళ్ళే ఎక్కువ.

ఇంకొక మాట. పాపను చూపించలేదని భరణం ఆపేయకండి. రెండూ వేర్వేరు. భరణం ఆపిన మరుక్షణం మీ ఐఏ కోర్టులో బలహీనపడుతుంది, పైగా బకాయి పేరుకుపోతుంది.

గృహహింస_కేసుల_లాయర్

ఉత్తర్వు ఇంత విడమరిచి ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. చెరిసగం మొదటి నియమం కావాలంటే మాత్రం ఒప్పుకోలేను.

ఆస్ట్రేలియా 2006లో తల్లిదండ్రులిద్దరికీ సమాన బాధ్యత అని ముందే అనుకోవాలని చట్టంలో రాసుకుంది. బాధ్యత గురించి రాసిన మాటను జనం సమయం గురించి అనుకున్నారు. 2023లో సవరించి ఆ నియమాన్నే తీసేశారు. 2024 మే నుంచి అక్కడ అది లేదు. నాన్నకూ_సగం గారు చెప్పిన కెంటకీలో కూడా గృహహింస రక్షణ ఉత్తర్వు ఉన్నచోట సమాన సమయం నియమం వర్తించదు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 37 శాతం భర్త హింసను ఎదుర్కొన్నామని చెప్పారు. వీళ్ళలో ఎంతమంది చేతిలో ఎఫ్ఐఆర్ ఉంటుంది? ఆస్పత్రి కాగితం ఉంటుంది? ‘వద్దనేవాళ్ళే నిరూపించాలి’ అంటే ఆ బరువు కాగితం లేని మనిషి నెత్తిన పడుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ తాత్కాలిక కస్టడీ తల్లికి ఇచ్చి, తండ్రి కలవడానికి ఏర్పాటూ చేయవచ్చు, పిల్లలకు హాని అనిపిస్తే ఆపనూ వచ్చు. కేసును బట్టి చూసే ఆ వెసులుబాటు పోకూడదు.

పిల్లల మనసు విరిచేది తల్లులే అనే మాట కూడా ఇలాంటి చర్చల్లో తరచూ వస్తుంది. 2017లో సుప్రీంకోర్టు ‘పేరెంటల్ ఏలియనేషన్’ (ఒకరు రెండోవారి మీద పిల్లల మనసు విరిచేయడం) గురించి మాట్లాడిన కేసులో పాప ఉన్నది తండ్రి దగ్గర. కోర్టు కస్టడీ ఇచ్చింది తల్లికి.

కూకట్‌పల్లి_హెచ్ఆర్

అన్నా, మీరందరు విడాకుల తర్వాత ముచ్చటనే చెప్తున్రు. దానికి ముందు సంగతి జర చూడున్రి.

పిల్లల సంక్షేమం అనంగనే కోర్టుల ఏం చూస్తరు? టీకాల కార్డు పట్కొని ఎవరు పోయిన్రు, స్కూల్ డైరీ మీద ఎవరి సంతకం ఉన్నది, పీటీఎంకు ఎవరు ఒచ్చిన్రు. 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంట్లోళ్ళను చూసుకునే పని చేసినోళ్ళల్ల ఆడోళ్ళు రోజుకు 134 నిమిషాలు పెడ్తే మొగోళ్ళు 76 నిమిషాలు పెట్టిన్రు. గా తేడానే రేపు కోర్టుల సాక్ష్యమైతది.

గిది ఒక్క మొగోళ్ళ బద్ధకం అని తీసెయ్యలేం. ఆడోళ్ళకు 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు చట్టంల ఉన్నది. మొగాయనకు సెంట్రల్ గవర్నమెంట్ల 15 రోజులు. ప్రైవేట్ల చట్టమే లేదు, కంపెనీ దయ. ఇచ్చినచోట కూడా ఒక తిరకాసు ఉన్నది. మన దిక్కు తొలిచూలుకు ఆమె పుట్టింటికి పోతది. బిడ్డ పుట్టినంక నెలలకు గని ఈయన ఇంటికి రాదు. చానా కంపెనీలల్ల సెలవు పుట్టిన నెల, రెండు నెలలల్ల వాడుకోకుంటె పోతది. అంటే బిడ్డ ఆయన చేతికి ఒచ్చేటాల్లకు సెలవే లేదు. సెంట్రల్ రూల్‌ల ఆరు నెలల దాకా వాడుకోవచ్చు. కంపెనీ పాలసీ రాసేటోళ్ళు గీ రెండు మాటలు చేరిస్తే చాలు: గడువు ఆరు నెలలు, రెండు ముక్కలుగ తీస్కోవచ్చు. ఒకటి డెలివరీ అప్పుడు, ఇంకోటి తల్లీబిడ్డ ఇంటికొచ్చినంక. దీనికి కంపెనీకి పైసా అదనపు ఖర్చు లేదు.

మొగోళ్ళ హక్కులు అని అడిగేటోళ్ళు గీ సెలవు కోసం గట్టిగ అడగాలె. దాంతోని ఆడోళ్ళకు గూడ మేలే.

పిల్లల_కౌన్సెలర్_మారేడ్‌పల్లి

గంటల లెక్క గురించి అందరూ మాట్లాడారు కాబట్టి ఆ గంటల్లో ఏం జరుగుతుందో చెబుతాను.

నాలుగేళ్ళ పాప. మూడు నెలల తర్వాత తండ్రిని చూస్తోంది. మొదటి ఇరవై నిమిషాలు తల్లి చున్నీ వదలదు. తండ్రి ఆత్రంగా ఎత్తుకోబోతాడు, పాప ఏడుస్తుంది, ‘చూశారా, ఇష్టం లేదు’ అని ఒకరు, ‘నూరిపోశారు’ అని ఇంకొకరు. ఇద్దరి మాటా తప్పే. ఆ వయసులో కొత్త చోటు, గట్టి గొంతులు, నల్లకోట్లు కనిపిస్తే ఏ పిల్లైనా అలాగే చేస్తుంది.

తండ్రి చేయాల్సింది కింద కూర్చోవడం. పాప కళ్ళ ఎత్తుకి రావాలి. ఖరీదైన బొమ్మ వద్దు, ప్రతిసారీ అదే బొమ్మల పుస్తకం, అవే క్రేయాన్లు తేవాలి. మూడోసారికి పాపే సంచీలో చెయ్యి పెట్టి వెతుకుతుంది. ‘అమ్మ నా గురించి ఏమంటుంది?’ అని అడగకూడదు. వరసగా ఫొటోలు తీయకూడదు. తల్లి పాపను నిద్ర వేళకో, ఆకలి మీదో తేకూడదు. నీళ్ళ సీసా, తినేది ఏదైనా సంచీలో పెట్టి తండ్రికి ఇవ్వాలి. అదే బెంచీ మీద కూర్చోకుండా, పాపకి కనిపించేంత దూరంలో ఉండాలి.

సమయాన్ని మెట్లుగా పెంచమని ఉత్తర్వులోనే అడగండి. మొదటి నెల కోర్టు ఆవరణలో రెండేసి గంటలు, తర్వాత రెండు నెలలు పార్కులో నాలుగేసి గంటలు, ఆ పైన పూర్తి రోజు, చివరికి ఒక రాత్రి. స్కూలుకి వెళ్ళే పిల్లలైతే అప్పగింత ఇంటి గుమ్మంలో వద్దు. శుక్రవారం తండ్రి స్కూలు గేటు దగ్గర తీసుకోవడం, సోమవారం అక్కడే దింపడం మేలు. పెద్దలిద్దరూ ఎదురుపడరు, గొడవకి తావుండదు.

నాన్నకూ_సగం

మెట్ల పద్ధతి బాగుంది. ఆస్ట్రేలియా సంగతి విన్నాక చెరిసగం మొదటి నియమం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆలస్యం విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌లో పిల్లల పోషణ, చదువుల దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు తేల్చాలని 2001లోనే చేర్చారు. స్కూలు ఫీజుకి గడువు పెట్టారు, పిల్లల్ని కలవడానికి పెట్టలేదు. ఆ 60 రోజులు దీనికీ వర్తింపజేయాలి. ఇది అడిగితే ఎవరి హక్కు పోతుంది?

గృహహింస_కేసుల_లాయర్

ఎవరిదీ పోదు. ఒక షరతు చేర్చండి, నేనూ సంతకం పెడతాను. ఆ 60 రోజుల్లో కౌన్సెలర్ ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి, ఒకే గదిలో కూర్చోబెట్టి ‘ఏమ్మా, కొట్టాడా?’ అని అడగకూడదు. హింస ఉందనిపిస్తే మొదటి ఉత్తర్వు పర్యవేక్షణలో కలవడానికే ఇవ్వాలి. పూర్తిగా ఆపాలంటే కారణం రాతపూర్వకంగా ఉండాలి.

పురానీహవేలీ_వకీలు

ఉత్తర్వు ఉన్నా పాపను తీసుకురాకపోతే ఏం చేయాలని ఇద్దరు విడిగా అడిగారు. అక్కడికక్కడ కేకలు వేయొద్దు, పోలీసులను పిలవొద్దు. చెప్పిన చోట చెప్పిన సమయానికి ఉన్నట్టు మెట్రో టికెట్టు గానీ మెసేజ్ గానీ ఉంచుకోండి. మరుసటి వాయిదాకి మెమో వేసి, పోయిన రోజుకి బదులు రోజు అడగండి. రెండు మూడుసార్లు అదే జరిగితే ఈపీ (ఉత్తర్వు అమలు చేయించమనే పిటిషన్) వేయండి. కోర్టు ధిక్కారం హైకోర్టులో వేయాలనుకుంటే ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే వేయాలి. మెమోల మీద మెమోలు వేస్తూ ఆ ఏడాది దాటబెట్టుకోకండి.