సర్వర్ అప్‌డేట్ చేసినవాడిదా తప్పు, ఇన్నేళ్లు చేయనివాడిదా?

మేతకొట్టు_కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. భీమవరం దగ్గర రొయ్యల మేత కొట్లో లెక్కలు చూస్తాను. వెనక గదిలో మేత బస్తాల పక్కన ఓ పాత డెస్క్‌టాప్ ఉంది, అదే మా సర్వర్. ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 18.04, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. రైతుల అరువు ఖాతాలన్నీ అందులోనే. 18.04కి మామూలు సపోర్టు 2023 మేతోనే అయిపోయిందని తెలిసి, ఆదివారం రాత్రి కొట్టు కట్టేశాక 20.04కి ఎక్కించాను. తెల్లారేసరికి మైఎస్‌క్యూఎల్ లేవలేదు. స్టేటస్ అడిగితే ‘ఫెయిల్డ్’ అని ఎర్రగా ఒకటే ముక్క. రొయ్యల పట్టుబడి డబ్బులు తెచ్చిన రైతులు కౌంటర్ దగ్గర నిలబడ్డారు, ఎవరి బాకీ ఎంతో చెప్పలేకపోయాను. ‘నడుస్తున్నదాన్ని ఎందుకు కెలికావురా’ అని ఓనరుగారు అందరి ముందూ అనేశారు. బాగుచేసే దారి చెప్పండి. ఆయన అన్నది న్యాయమేనా అన్నది కూడా చెప్పండి.

ఐసుప్లాంటు_బాబాయ్:
న్యాయమే అబ్బాయ్. కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు గానీ నాట్లప్పుడు తీస్తారా? పట్టుబడుల మధ్యలో నీకెందుకొచ్చిన పని. మా ప్లాంటులో మెషీన్ 2016లో పెట్టింది, ఇంతవరకూ వేలు పెట్టలేదు. నెట్టు కూడా లేదు దానికి. ఇప్పుడు అప్‌డేట్‌తో వచ్చిన ఆ మైఎస్‌క్యూఎల్ 8.0 పీకేసి పాత 5.7 మళ్ళీ ఎక్కించెయ్, పోద్ది గొడవ.

లాగు_చదువరి:
ఆగండాగండి, 5.7 ఎక్కించొద్దు! 20.04తో వచ్చేది మైఎస్‌క్యూఎల్ 8.0. అది మొదటిసారి లేచేటప్పుడే లోపలి డేటా డిక్షనరీని (ఏయే టేబుళ్లు ఉన్నాయో రాసుకునే పట్టికని) కొత్త పద్ధతిలోకి మార్చేస్తుంది. ఎంతవరకు మార్చి పడిపోయిందో మనకు తెలియదు. ఒకసారి మారిన ఫోల్డర్‌ని 5.7 తెరవలేదు. 8.0 నుంచి వెనక్కి రావాలంటే అప్‌డేట్‌కి ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే దారి.
తమ్ముడూ, సర్వీస్ ఆగే ఉందని చూసుకుని, వర్ లిబ్ (/var/lib) కింద ఉన్న మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్కులోకి కాపీ తియ్. ఆ తర్వాతే మిగతావన్నీ. వర్ లాగ్ (/var/log) కింద మైఎస్‌క్యూఎల్ తన తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్ ఉంటుంది, దాని చివరి ఇరవై లైన్లు ఇక్కడ పెట్టు. స్టేటస్‌లో కనిపించే ఎర్ర ముక్క దేనికీ పనికిరాదు.

దాళ్వా_టెక్:
అంత చదవక్కర్లేదు గురూ. కాన్ఫిగ్‌లో, అదే సెట్టింగుల ఫైల్లో, ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటాని దాచే ఇంజిన్) ఫోర్స్ రికవరీ 6 పెట్టి లేపు, లేస్తుంది. నేనెప్పుడూ అదే చేస్తా.

లాగు_చదువరి:
ఎప్పుడూ చేస్తున్నారంటేనే భయమేస్తోందండి. ఆ సెట్టింగ్ 4 గానీ అంతకు మించి గానీ పెడితే డేటా ఫైళ్లు శాశ్వతంగా పాడవచ్చని మైఎస్‌క్యూఎల్ వాళ్ల మాన్యువల్లోనే రాసుంది. అది అన్నీ పోయాక దొరికినంత బయటికి లాక్కోవడానికి పెట్టేది. ఇక్కడ డేటా పాడైందని ఎవరు చెప్పారు?

మేతకొట్టు_కుర్రాడు:
కాపీ తీశానండి, నలభై నిమిషాలు పట్టింది. లాగ్‌లో చివర్న ఉన్నది ఇదీ: ‘అన్‌నోన్ వేరియబుల్ క్వెరీ క్యాష్ సైజ్ = 16ఎం’. దాని కిందే ‘అబార్టింగ్’.

లాగు_చదువరి:
దొరికింది. క్వెరీ క్యాష్ (ఒకసారి అడిగినదాని జవాబు గుర్తుంచుకునేది) అనేదాన్ని 8.0లో పూర్తిగా తీసేశారు. నీ పాత కాన్ఫిగ్ ఫైల్లో ఆ లైన్ ఇంకా ఉంది, 18.04లో అది మామూలుగానే ఉండేది. తనకు తెలియని మాట కనిపించేసరికి 8.0 లేవనంటోంది. క్వెరీ క్యాష్ సైజ్, క్వెరీ క్యాష్ లిమిట్ రెండు లైన్ల ముందూ హ్యాష్ గుర్తు (#) పెట్టి మళ్ళీ స్టార్ట్ చెయ్. ఎస్‌క్యూఎల్ మోడ్ లైన్‌లో ‘నో ఆటో క్రియేట్ యూజర్’ ఉంటే అదీ తీసెయ్, దాన్నీ 8.0 ఒప్పుకోదు.

మేతకొట్టు_కుర్రాడు:
ఆయ్, లేచిందండి! బాకీలన్నీ కనిపిస్తున్నాయి. కానీ గ్రూపులవారీ రిపోర్టు నొక్కితే 1064 ఎర్రర్ వస్తోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినాయన ఫోనెత్తట్లేదు.

లాగు_చదువరి:
టేబుల్ పేరు ఇంగ్లీషులో ‘గ్రూప్స్’ అని ఉండుంటుంది. 8.0లో అది రిజర్వుడు పదం (మైఎస్‌క్యూఎల్ తన వాడకానికే ఉంచుకున్న మాట) అయిపోయింది, ‘ర్యాంక్’ కూడా అంతే. క్వెరీలో ఆ పేరుకి రెండు వైపులా బ్యాక్‌టిక్ (`) పెడితే చాలు. కానీ అది ఆయన కోడ్, ఆయనే మార్చాలి.

ఐసుప్లాంటు_బాబాయ్:
చూశావా, ఒకటి పోతే ఇంకోటి. అందుకే ముట్టుకోవద్దన్నది.

లంకలో_పోస్ట్‌గ్రెస్:
బాబాయ్ గారూ, మీరు కోపగించుకోనంటే ఓ మాట. ఈ కుర్రాడి సర్వర్ మంచిది, లేవకుండా మొండికేసింది. నాది చక్కగా లేచి అబద్ధం చెప్పింది.
అమలాపురం వైపు మాకు చెరువుల లీజు లెక్కలున్నాయి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ కాదు, పోస్ట్‌గ్రెస్ 10, అదే 18.04 నుంచి 20.04కి. పాత క్లస్టర్, అంటే పాత డేటాబేసుల మూట, అలాగే నడుస్తోంది, ఒక్క ఎర్రర్ లేదు, సంబరపడ్డాను. నాలుగో రోజున మా గుమస్తా ‘1-1 చెరువు లేదంటోంది సార్’ అన్నాడు. రాత్రి నేను కళ్లారా చూసిన చెరువు! లేదంటోంది కదా అని అప్పటికే అతను దాన్ని మళ్ళీ ఎక్కించాడు. చెరువు కోడ్ మీద యూనిక్ ఇండెక్స్ (వెతకడానికి వరసగా పేర్చిన జాబితా, ఒకే కోడ్ రెండుసార్లు రానివ్వదు) ఉంది, అయినా రెండోదాన్ని లోపలికి రానిచ్చింది.
సంగతేమిటంటే, అక్షరాల వరసను పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28 ఆ వరసను మార్చేసింది. 18.04లో ఉన్నది 2.27, 20.04లో 2.31. పాత వరసలో 11 ముందు, 1-1 తర్వాత. కొత్త వరసలో 1-1 ముందు, 11 తర్వాత. ఇండెక్స్ పాత వరసలో పేర్చి ఉంది, వెతకడం కొత్త వరసలో. ఇక దొరుకుతుందా?
ఇండెక్సులు మళ్ళీ కట్టమంటే డూప్లికేట్లున్నాయని మొరాయించింది. ఒక్కో చెరువూ చేత్తో సరిచూసి, రెండో ఎంట్రీలు కలిపి, అప్పుడు రీఇండెక్స్ కొట్టాను. ఆమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ముందే పరీక్షించుంటే నాలుగు రోజులు మిగిలేవి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఇలా వరస మారితే డేటాబేసే హెచ్చరిస్తుంది. నాది 10.

దాళ్వా_టెక్:
అయితే ఇది బాబాయ్ మాటకే బలం కదా. అప్‌డేట్ చేయకపోతే ఇదేదీ జరగదు.

లంకలో_పోస్ట్‌గ్రెస్:
ఎన్నాళ్లు చేయరు? 2022 జూలై వరదకి మా లంకలో నీళ్లొచ్చి నేల మీదున్న పాత సీపీయూ మునిగింది. కొత్త మెషీన్ కొంటే అందులో ఆ పాత ఉబుంటు ఎక్కలేదు. ఇష్టమున్నా లేకపోయినా అప్‌డేట్ అయిపోయింది, అదీ బురదలో నిలబడి. ఎప్పుడు చేయాలో మనం ఎంచుకోవడం మేలా, గోదారి ఎంచడం మేలా?
కుర్రాడి తప్పు ఒకటుంది, ఒప్పుకోవాలి. పాత డెస్క్‌టాప్ ఇంకోటి పట్టుకుని దాని మీద ముందు రిహార్సల్ వేసుంటే, క్వెరీ క్యాష్, గ్రూప్స్ రెండూ అక్కడే బయటపడేవి. రైతుల ముందు మాట పడే పనుండేది కాదు.

మేతకొట్టు_కుర్రాడు:
ఒప్పుకుంటున్నానండి. డంప్ (డేటా అంతా ఓ ఫైల్లోకి తీసే బ్యాకప్) కూడా తీయకుండా దిగాను. ఓనరుగారికి లాగ్‌లో ఆ లైన్ చూపించి చెప్పాను. ‘ఈ ఒక్క ముక్క కోసమా పొద్దుటి నుంచీ’ అన్నారు. రెండో డెస్క్‌టాప్ అడిగితే మాత్రం సీజన్ అయ్యాక చూద్దామన్నారు.

ఐసుప్లాంటు_బాబాయ్:
నేనైతే సీజన్లో ముట్టుకోవద్దనే అంటాను, మీరెన్ని చెప్పినా. కానీ లాగు చదువరీ, ఫోల్డర్ కాపీ తీసేటప్పుడు సర్వీస్ ఆగి ఉండాలన్నావు. ఆగకపోతే ఏమవుద్ది? మా గుమస్తా రోజూ సాయంత్రం ప్లాంటు నడుస్తుండగానే పెన్‌డ్రైవ్‌లోకి తీస్తాడు. ఎనిమిదేళ్ల బట్టీ అదే.

లాగు_చదువరి:
కాపీ అవుతుండగా ఫైళ్లు మారుతుంటాయి బాబాయ్ గారూ, సగం ఇప్పటివి, సగం పది నిమిషాల కిందటివి వస్తాయి. లేస్తే లేస్తుంది, లేకపోతే లేదు. నడుస్తుండగా తీయాలంటే మైఎస్‌క్యూఎల్ డంప్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టి తీయాలి, టేబుళ్లు ఇన్నోడీబీవైతేనే. ఆ పెన్‌డ్రైవ్‌ని ఎప్పుడైనా వేరే మెషీన్లో పెట్టి లేపి చూశారా?

ఐసుప్లాంటు_బాబాయ్:
లేదు. రేపు ప్లాంటుకి సెలవు, నా నంబర్ నీకు మెసేజ్ చేశాను.