క్లిప్‌లెస్ పెడళ్లకు మారాలా, వద్దా?

గండిపేట గాలి
ఏడాదిన్నరగా హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నాను. సెలవు రోజుల్లో గండిపేట వైపు 40, 50 కిలోమీటర్లు. ఒకసారి వికారాబాద్ దాకా వెళ్లి అనంతగిరి కొండ కూడా ఎక్కాను. డిసెంబరులో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (గడువులోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) చేయాలని ఉంది. ఇప్పటివరకు మామూలు పెడళ్లు, నడకకు వేసుకునే బూట్లే. అందరూ బూటును పెడల్‌కు బిగించి ఉంచే క్లిప్‌లెస్‌కు మారమంటున్నారు. నాకు 43 ఏళ్లు. సిగ్నల్ దగ్గర కాలు ఊడక పడిపోతే ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నా పని అందుకునేవారు లేరు. ఆ పెడళ్లతో నిజంగా అంత తేడా ఉంటుందా?

బ్రెవే బాబాయ్
ఉంటుందమ్మా. మారండి. ఇంకా రెండు నెలలుంది కాబట్టి ఇప్పుడే మారండి.

బూటు అడుగున క్లీట్ అనే లోహపు ముక్కను రెండు బోల్టులతో బిగించే ఎస్‌పీడీ రకం తీసుకోండి. మూడు బోల్టుల రోడ్డు రకం మీకు అక్కర్లేదు. రెండు బోల్టుల బూటుకు అడుగున గుంట ఉంటుంది, క్లీట్ అందులో దాక్కుంటుంది. కంట్రోల్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర దిగి టిఫిన్ సెంటర్లోకి మనిషిలా నడిచి వెళ్లవచ్చు. మూడు బోల్టులవి వేసుకుని గ్రానైట్ మెట్లెక్కితే బాతు నడకే. ఇడ్లీ ప్లేటుతో సహా జారినవారిని చూశాను.

ఇక తేడా సంగతి. 150 కిలోమీటర్లు దాటాక పాదం పెడల్ మీద ఎక్కడుందో చూసుకునే ఓపిక ఉండదు. వేళ్ల మొదట్లో ఉండాల్సిన ఒత్తిడి పాదం మధ్యకు జారుతుంది, మోకాలు పక్కకు వాలుతుంది. క్లీట్ ఉంటే పాదం పెట్టిన చోటే ఉంటుంది. పైగా మామూలు పెడల్‌తో కిందికి తొక్కడమే తప్ప పైకి లాగడం ఉండదు. సగం శక్తి వృథా.

చెప్పుల సైకిల్
బాబాయ్ గారూ, ఆ సగం లెక్క ఎక్కడిది? ఒక కాలు కిందికి వెళ్తుంటే రెండోది పైకి వస్తుంది. పైకి వచ్చే కాలు తన బరువు తాను మోసుకుంటే అదే పదివేలు. రోజంతా పెడల్‌ను పైకి లాగుతూ కూర్చుంటే తొడ వెనక కండరాలు పట్టేయడం తప్ప ఒరిగేదేమీ లేదు.

నేను విశాఖలో బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా తొక్కుతాను. కైలాసగిరి ఎక్కుతాను. సింహాచలం ఘాట్ ఎక్కుతాను. అన్నీ చదునైన ఫ్లాట్ పెడళ్ల మీదే. అమ్మా, మీరు 200 కోసం అడుగుతున్నారు. దానికి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. అంటే గంటకు సగటున 15 కిలోమీటర్లు పడితే చాలు. అనంతగిరి ఎక్కినవారికి అది కొత్త బూట్లు లేకుండానే వస్తుంది.

పదశోధన
చిన్న సందేహం. కాలిని క్లిప్పులా పట్టుకునేదాన్ని ‘క్లిప్‌లెస్’ అంటే క్లిప్పు లేనిదని కదా అర్థం? పేరే తలకిందులుగా ఉంటే కొత్తవారు ఎలా నమ్మి కొంటారు?

బ్రెవే బాబాయ్
పూర్వం పందేల సైకిళ్లకు బొటనవేలి దగ్గర లోహపు బోను, దానికి తోలు పట్టీ ఉండేవి. వాటిని టో క్లిప్పులనేవారు. 1984లో ఫ్రాన్సు కంపెనీ లుక్, మంచు మీద జారే స్కీ బూట్ల బిగింపును సైకిల్ పెడల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. బోను పోయింది కాబట్టి క్లిప్‌లెస్. ఇక అసలు విషయానికి వద్దాం.

చెప్పుల సైకిల్ గారూ, సగం అన్నది మాట వరసకు అన్నాను. పాదం కదలకుండా ఉండటం గురించి చెప్పినదానికి మీ జవాబేది?

పదశోధన
బోను పోయి నలభై ఏళ్లయినా పోయిన బోను పేరుతోనే పిలవడం ఏమి న్యాయం? ‘బిగింపు పెడల్’ అంటే సరిపోతుంది.

చెప్పుల సైకిల్
జవాబు ఇదిగో. మంచి ఫ్లాట్ పెడల్‌కు పైన సన్నని లోహపు మేకులుంటాయి. మెత్తని రబ్బరు అడుగున్న బూటు వేస్తే అవి పట్టి ఉంచుతాయి, జారదు. ఆస్ట్రేలియా రైడర్ సామ్ హిల్ డౌన్‌హిల్ (కొండ దిగే సైకిల్ పందెం) ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది ఫ్లాట్ పెడళ్ల మీదే. 2017, 2018, 2019 వరుసగా మూడేళ్లు కొండదారుల సైకిల్ పోటీ ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచిందీ వాటి మీదే. రాళ్లలో, వేర్లలో జారని కాలు మన తారురోడ్డు మీద జారుతుందా?

బ్రెవే బాబాయ్
ఆయన కొండ దిగుతాడు. మనం షాద్‌నగర్ దారిలో ఎదురుగాలికి ఆరేడు గంటలు ఒకే తీరున తొక్కుతాం. రెండూ ఒకటేనా?

ఎదురుగాలి
ఆ మేకుల ముద్ర నా పిక్క మీద ఇప్పటికీ ఉంది. ఎవరికైనా కావాలంటే ఫొటో పెడతాను.

స్పానర్
గుంటూరులో మా రిపేరు షాపు. రెండు పక్షాల సైకిళ్లూ నా దగ్గరికే వస్తాయి కాబట్టి నాకు గొడవ లేదు. మేడంగారూ, మారితే మూడు పనులు చేయండి. పెడల్ వెనక 3 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది, దాన్ని స్ప్రింగ్ బాగా వదులయ్యేదాకా తిప్పించండి. రెండు పెడళ్లకూ, రెండు వైపులా. మామూలు 51 నంబరు క్లీట్ బదులు 56 నంబరు అడగండి. అది మడమ బయటికి తిప్పితేనే కాదు, కంగారులో కాలు ఇంకెటు గుంజినా చాలావరకు ఊడుతుంది. మొదటి వారం గోడ పట్టుకుని వంద సార్లు పెట్టి తీయండి. తర్వాత అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీకు దగ్గరే కదా, అక్కడ తిరగండి.

ఒక మాట మరిచాను. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా విప్పుతామంటే ముందే చెప్పండి. క్రాంకు మరలు చెడగొట్టుకుని వచ్చేవారితోనే నా ఆదివారాలు గడుస్తున్నాయి.

చెప్పుల సైకిల్
గోడ దగ్గర అందరికీ ఊడుతుంది. నేనూ రెండు వారాలు గోడ పట్టుకున్నవాడినే. 2021లో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర మడమ తిప్పాను, బూటు తిరిగింది, క్లీట్ మాత్రం రాలేదు. నిలబడ్డ సైకిల్‌తో ఎడమవైపు చెట్టులా కూలాను. మణికట్టు విరిగింది. వెనక ఆటో అతను బ్రేకు వేశాడు కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నాను.

బ్రెవే బాబాయ్
అయ్యో. కానీ అందరూ మొదట్లో ఒకసారి పడతారు. అది ఈ విద్యకు కట్టే ఫీజు. ఒకసారి పడ్డామని వదిలేస్తే ఎవరూ ఏదీ నేర్చుకోరు. ఏమీ అనుకోకండి, చెప్పులతో తొక్కడం బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడానికి బాగుంటుంది. లాంగ్ రైడ్ వేరే లోకం.

పాలకేంద్రం
మా నాన్నగారు రెండు పాలక్యాన్లు కట్టుకుని రోజూ 30 కిలోమీటర్లు తొక్కారు, హవాయి చెప్పులతో. ఆయనది ఏ లోకం బాబాయ్ గారూ?

చెప్పుల సైకిల్
ఫీజా? మణికట్టులో పెట్టిన ప్లేటు ఇంకా అక్కడే ఉంది. ఆ ఫీజు ఎవరికి కట్టానో చెప్పండి. ఆ బూట్లు నేను ముచ్చటపడి కొన్నవి కావు. మీలాంటి పెద్దాయనే ఒకరు ‘ఇవి లేకపోతే మాతో రావద్దు, నీ కోసం ఆగలేం’ అన్నారు కాబట్టి కొన్నాను. నేను పడిన రోజు వాళ్లు పచ్చ లైటు పడగానే వెళ్లిపోయారు. నేను రాలేదని టిఫిన్ దగ్గర కూర్చున్నాక గాని తెలియలేదట. ఆటో అతనే నన్ను ఆస్పత్రిలో దింపాడు. ఆ తర్వాత ఆరు నెలలు ఎవరూ ఫోను చేయలేదు.

కూరగాయల సంగతి చెప్పారు, సంతోషం. కూరగాయలవాడు కనీసం ఆగి ‘దెబ్బ తగిలిందా అన్నా’ అని అడుగుతాడు.

స్పానర్
అన్నా, ఒక్క ప్రశ్న. ఆస్పత్రిలో బూటు విప్పాక క్లీట్‌కు బోల్టులు ఎన్ని ఉన్నాయి?

చెప్పుల సైకిల్
ఒకటే. రెండోది పడిన అదురుకు ఊడి ఎక్కడో దొర్లిపోయి ఉంటుంది.

స్పానర్
పడినప్పుడు పోలేదు. ముందే పోయింది. రెండు బోల్టులుంటే మీ మడమతో పాటు క్లీట్ తిరిగి స్ప్రింగ్‌ను తోస్తుంది. ఒకటే మిగిలితే బూటు ఆ బోల్టు చుట్టూ తిరుగుతుంది, క్లీట్ పెడల్‌లోనే కూర్చుంటుంది. బూటు తిరిగింది, క్లీట్ రాలేదు అని మీరు రాశారు చూడండి, సరిగ్గా అదే. అప్పుడు బూటులోంచి కాలు లాగేసుకోవడం తప్ప దారి లేదు. కొత్త క్లీట్‌ను మొదటి నాలుగైదు రైడ్‌లయ్యాక 4 మిల్లీమీటర్ల అలెన్‌తో మళ్లీ బిగించుకోమని అమ్మినవారు చెప్పాలి.

చెప్పుల సైకిల్
ఎవరూ చెప్పలేదు. నాకే చేతకాలేదని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

బ్రెవే బాబాయ్
నా మాట కొంచెం దురుసుగా వచ్చింది. పాలకేంద్రం గారూ, మీ నాన్నగారిని ఉద్దేశించి కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. 2019లో వాన పడుతుంటే పది మందిమి ఒకరి వెనక ఒకరం దగ్గర దగ్గరగా వెళ్తున్నాం. ముందున్న కుర్రాడి కాలు ప్లాస్టిక్ పెడల్ మీద నుంచి జారింది, సైకిల్ అడ్డం తిరిగింది, ముగ్గురం పడ్డాం. నా కాలర్ బోన్ రెండుగా విరిగింది. అప్పటి నుంచి నా గ్రూపులో ముందు వరుసలో ఉండాలంటే క్లీట్లు తప్పనిసరి అన్నాను. అది డాబు కోసం పెట్టిన నియమం కాదు.

చెప్పుల సైకిల్
ఆ కుర్రాడు వేసుకున్నది మేకుల పెడలా, సైకిల్‌తో వచ్చిన నున్నటి ప్లాస్టిక్‌దా?

బ్రెవే బాబాయ్
నున్నటిదే అనుకుంటాను. చూసుకునే స్థితిలో లేను.

చెప్పుల సైకిల్
మరి నియమం మేకుల పెడళ్లకూ ఎందుకు?

గండిపేట గాలి
మీ ఇద్దరి మధ్య దూరినందుకు క్షమించండి. మొదటి పోస్టులో ఒక మాట దాచాను. నాకు మోకాలి నొప్పి లేదు, కాలు జారలేదు, వేగం గురించి దిగులూ లేదు. బీఆర్‌ఎంకు మీతో వస్తానని మా గ్రూపులో అడిగితే ‘ముందు బూట్లు కొనుక్కోండి, తర్వాత చూద్దాం’ అన్నారు. కొంటే చూస్తారా, లేక ఆ తర్వాత ఇంకోటి కొనమంటారా అన్నదే నా అసలు అనుమానం. పెడళ్లు, బూట్లు కలిపి పది వేలు దాటుతోంది. అది మా అమ్మాయి ట్యూషన్ ఫీజు.

బ్రెవే బాబాయ్
మీది మా గ్రూపు కాదు కదా?

గండిపేట గాలి
కాదు. కానీ మాట మాత్రం అదే.

స్పానర్
మేడంగారూ, ఒక వైపు చదునుగా, ఒక వైపు ఎస్‌పీడీగా ఉండే పెడల్ దొరుకుతుంది. ఊళ్లో చదునువైపు, రోడ్డెక్కాక రెండోవైపు. బూట్లు తర్వాత కొనుక్కోవచ్చు. ప్రతిసారీ ఏ వైపు పైకి వచ్చిందో కాలితో తడుముకోవాలి, అదొక్కటే చికాకు.

గండిపేట గాలి
చూశాను, బాగానే ఉంది. కానీ డిసెంబరుకు మాత్రం ఇప్పుడున్న బూట్లతోనే వెళ్తున్నాను. గ్రూపుతో కాదు, విడిగా పేరు నమోదు చేసుకున్నాను. చెప్పుల సైకిల్ గారూ, మేకుల పెడళ్లు ఏ రకం వాడుతున్నారో చెప్పగలరా?

చెప్పుల సైకిల్
నైలాన్‌వి, ఒక్కో వైపు పది మేకులు. వివరాలు విడిగా పంపుతాను. పిక్కలకు మందపాటి మేజోళ్లు వేసుకోండి, ఎదురుగాలి గారి ఫొటో చూశాక చెబుతున్నాను.

బ్రెవే బాబాయ్
బ్యాగులో రెండు క్లీట్ బోల్టులు ఎప్పుడూ అదనంగా... మీకు అవసరం లేదులెండి. అలవాటు కొద్దీ రాశాను. మీది ఏ తేదీ రైడ్?

పదశోధన
ఒక వైపు బిగింపు, ఒక వైపు చదును ఉన్నదాన్ని ఏమనాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.