డీలక్స్ రివర్బ్ వైబ్రాటో ఛానల్ తొందరగా బ్రేకప్ అవుతోంది (శబ్దం చీలుతోంది), ఏ ట్యూబు మార్చాలి?

కాకినాడ_స్ట్రాట్
యాంప్: ఫెండర్ '65 డీలక్స్ రివర్బ్ రీఇష్యూ, 22 వాట్లు. గిటార్: స్ట్రాట్, సింగిల్ కాయిల్ పికప్పులు. వైబ్రాటో ఛానల్‌లో వాల్యూమ్ 4 దాటగానే క్లీన్ పోతోంది. వి1లో (మొదటి ట్యూబు సాకెట్‌లో) 12ఏఎక్స్7 తీసి 12ఏటీ7 పెట్టి చూశాను, ఏ తేడా లేదు. 5751 కొనాలా, 12ఏవై7 కొనాలా? మార్చాక బయాస్ (ట్యూబులో ఊరికే పారే కరెంటు) సెట్ చేయించాలా? రివర్బ్ (ప్రతిధ్వని) కూడా 2 నుంచి 3కి తిప్పేలోపే ముంచెత్తుతోంది.

వాల్వుల_వైద్యం
మీరు మార్చిన ట్యూబు మీ సిగ్నల్ దారిలోనే లేదండీ. వి1 నార్మల్ ఛానల్‌ది. వైబ్రాటోలో ప్లగ్ చేస్తే సిగ్నల్ వి2 రెండు సగాలూ (ఇలాంటి ఒక్కో ట్యూబులో విడివిడిగా పనిచేసే రెండు భాగాలుంటాయి) దాటి, వి4లో ఒక సగం, ఆపైన వి6 మీదుగా పవర్ ట్యూబులైన 6వి6లకు చేరుతుంది. వెనక నుంచి చూస్తే కుడి చివర ఉన్నది వి1, దాని పక్కది వి2. ముందు వి1లో పాత 12ఏఎక్స్7 తిరిగి పెట్టేయండి. వి1, వి2ల రెండో సగాలకు 820 ఓమ్‌ల కాథోడ్ రెసిస్టర్ ఒకటే కాబట్టి అక్కడి 12ఏటీ7 వి2 బయాస్‌ను కూడా కాస్త కదుపుతుంది.

ఇక గెయిన్ సంగతి, అంటే ట్యూబు సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో. కాగితం మీద 12ఏఎక్స్7కి 100, 5751కి 70, 12ఏటీ7కి 60, 12ఏవై7కి 44. ప్లేటు దగ్గర 100 కిలో ఓమ్‌లు ఉన్న ఇలాంటి సర్క్యూట్‌లో నిజంగా దక్కేది సుమారు 60, 44, 48, 35. వరస చూడండి, 12ఏటీ7 5751 కన్నా ఏమీ తగ్గదు. పైగా అది 10 మిల్లీయాంపుల దగ్గర పనిచేసేలా చేసిన ట్యూబు, ఇక్కడ దానికి అందేది అందులో చిన్న వంతు. అందుకే చాలాసార్లు బిరుసుగా పలుకుతుంది.

వి2లో రెండు సగాలూ వాడతారు కాబట్టి తగ్గుదల రెండుసార్లు పడుతుంది. 5751 పెడితే మొత్తం గెయిన్ దాదాపు సగం, 12ఏవై7 పెడితే మూడో వంతు. నా ఓటు 5751కే. 12ఏవై7తో స్ట్రాట్ మరీ చప్పబడుతుంది.

బయాస్ అక్కర్లేదు. ప్రీయాంప్ ట్యూబులకు (6వి6ల కన్నా ముందున్న ఈ చిన్న ట్యూబులకు) కాథోడ్ రెసిస్టరే బయాస్ ఇస్తుంది. సెట్ చేయాల్సింది 6వి6లు మార్చినప్పుడు.

మోత_తక్కువ
పై జవాబుకి ఒక్క మాట చేర్చాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. గెయిన్ తక్కువ ట్యూబు వల్ల యాంప్ ఇంకా గట్టిగా క్లీన్‌గా మోగదు. 6వి6లు తమ హద్దు చేరే చోటు మారదు, అక్కడికి చేరడానికి నాబ్ ఇంకాస్త తిరగాలి, అంతే. 4 దగ్గరి మోతే 6 దగ్గర వస్తుంది. నాబ్ నెమ్మదిగా లొంగడమే కావాలంటే 5751 సరైనది. డ్రమ్స్ మీద కూడా క్లీన్‌గా వినబడాలంటే మాత్రం ఇంకా సమర్థమైన స్పీకరో, పెద్ద యాంపో చూడాలి.

రివర్బ్‌కి వి3లో 12ఏటీ7 తీసి 12ఏయూ7 పెట్టండి. అది రివర్బ్ ట్యాంకును (ప్రతిధ్వని పుట్టించే స్ప్రింగుల పెట్టెను) నడిపే ట్యూబు. గెయిన్ 20కి దిగుతుంది, నాబ్ 5 దాకా పనికొస్తుంది. వి6లో ఉన్న 12ఏటీ7ని కదపకండి, అది ఫేజ్ ఇన్వర్టర్, సిగ్నల్‌ను రెండుగా చేసి 6వి6లకు ఇచ్చేది.

కాకినాడ_స్ట్రాట్
స్పష్టంగా అర్థమైంది, ధన్యవాదాలు. గిటార్ తీసేసినా సన్నటి హిస్ (బుస్సుమనే చప్పుడు) ఉంది. అది ఏ ట్యూబుదో ఎలా కనుక్కోవాలి?

వాల్వుల_వైద్యం
వైబ్రాటో వాల్యూమ్ సున్నాకి తెండి. హిస్ పోతే అది వి2 మొదటి సగానిది, ఎందుకంటే వాల్యూమ్ నాబ్ దాని తర్వాతే ఉంటుంది. పోకపోతే రివర్బ్ సున్నా చేయండి. అప్పుడు పోతే వి4లో రివర్బ్ వెనక్కి తెచ్చే సగం. రెండూ సున్నా చేసినా ఉంటే వి1, వి2ల రెండో సగాలు, వి4 మిగతా సగం, వి6లలో ఒకటి. మంచిదని తెలిసిన ఒక్క 12ఏఎక్స్7 చేతిలో ఉంచుకుని వి2లో, తర్వాత వి4లో మార్చి చూడండి.

మైక్రోఫోనిక్ (అదురు తగిలితే తానే మోగే ట్యూబు) పరీక్షకు ఐస్‌క్రీం పుల్లతో ఒక్కో ట్యూబునీ మెల్లగా తట్టండి. వి2 దగ్గర చిన్న 'టక్' వినబడటం మామూలే. తట్టడం ఆపాక కూడా గంటలా సాగితే ఆ ట్యూబు పనికిరాదు. కాంబోలో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నదాంట్లో) స్పీకర్ అదురు నేరుగా తగులుతుంది కాబట్టి పొడవాటి ప్లేట్లవి ఇలా ఎక్కువ మొరాయిస్తాయి. పొట్టి ప్లేట్ల జేజే ఈసీసీ83ఎస్ ఇక్కడ నయం. ఈసీసీ83 అన్నా 12ఏఎక్స్7 అన్నా ఒకటే.

మార్చేటప్పుడు పవర్ ఆపి, ప్లగ్ తీసి, పది నిమిషాలు చల్లారనివ్వండి. షీల్డును నొక్కి తిప్పితే వస్తుంది. ట్యూబులు తలకిందులుగా వేలాడుతుంటాయి, కాబట్టి కిందికి, నిటారుగా, వేళ్లతో చిన్నగా ఊపుతూ లాగాలి. పక్కకి వంచితే పిన్నులు వంగుతాయి, సాకెట్ టంకం చిట్లుతుంది. పెట్టేటప్పుడు తొమ్మిది పిన్నుల మధ్య వెడల్పాటి ఖాళీని సాకెట్ ఖాళీతో కలిపాకే నొక్కండి. చాసిస్ మాత్రం విప్పకండి, యాంప్ ఆపాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.