ఎన్సోనిక్ మిరాజ్ కొన్నా, ఫ్లాపీ తీసుకోవట్లేదు. బతికుందా, పోయిందా?

ఎడిసన్_గుమ్మెట:
అందరికీ నమస్తే. న్యూజెర్సీలో ఉంటా, చదివింది మెకానికల్, సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది కాలేజీలో ఒక్క సెమిస్టర్, కాబట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి. పోయిన శనివారం పెన్సిల్వేనియాలో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్తే బేస్‌మెంట్‌లో పాత పరుపు కింద ఎన్సోనిక్ మిరాజ్ కనపడింది, అదే, ఏ సౌండ్‌నైనా రికార్డ్ చేసి కీల మీద వాయించే పాత శాంప్లర్ కీబోర్డు. 61 కీలది, డీఎస్‌కే-8 మోడల్. 120 డాలర్లన్నారు, 90కి ఇచ్చారు. "ఆన్ అవుద్ది, అంతవరకే మాకు తెలుసు" అన్నారు. అంతవరకు నిజమే చెప్పారు పాపం, ఆన్ అవుద్ది.

కానీ అంతే. ఎర్ర డిస్‌ప్లేలో రెండు అక్షరాలు వెలుగుతాయి, ఏ కీ నొక్కినా సౌండ్ లేదు. దాంతోపాటు అట్టపెట్టెలో ఐదు ఫ్లాపీలు ఇచ్చారు, రెండిటి మీద కంపెనీ లేబుల్, మూడిటి మీద పెన్నుతో గీకిన రాతలు. ఒక్కోటి పెట్టి చూశా. పెన్ను రాతలవి పెడితే గర్ గర్ గర్ అని నాలుగుసార్లు మూలిగి ఆగిపోతోంది. కంపెనీ లేబుల్ దాంట్లో ఒకటి మాత్రం పది ట్రైల్స్‌లో ఒకసారి లోడ్ అయింది, పియానో లాంటిదేదో వచ్చింది, నేను ఎగిరి గంతేసేలోపు మా ఆవిడ పైనుంచి ఆ చప్పుడేంటని అరిచింది. ఆ కాసేపట్లో ఇంకోటి గమనించా, మధ్యమధ్యలో ఒక్కో నోట్ గుడ్డ కప్పినట్టు మొద్దుగా వస్తోంది. ఫలానా కీ అని లేదు, ఒకసారి బాగున్న కీయే ఇంకోసారి మొద్దుగా మోగుతోంది. కీలు పాడా? బోర్డు పాడా? తొంభై డాలర్లూ గంగలో పోసినట్టేనా?

కొన్నదెందుకంటే, మా నాన్న బుర్రకథ దళంలో వంత, తెనాలి చుట్టుపక్కల చాలా ఊళ్ళు తిరిగాడు. ఆయన గుమ్మెట వాయించిన క్యాసెట్ ఒకటుంది నా దగ్గర. ఆ దెబ్బని ఇలాంటి పాత మిషన్‌లో ఎక్కించి వాయించాలని ఎప్పట్నుంచో.

వైజాగ్_బుల్లోడు:
బ్రో ఫోన్‌లో ఫ్రీ యాప్ ఉంది, క్యాసెట్ ముందు పెట్టి రికార్డ్ నొక్కితే రెండు నిమిషాల పని 😂 అంత బరువు మోసుకొచ్చి ఇంట్లో తిట్లు తినడం అవసరమా

సోల్డర్_బాబాయ్:
పై తమ్ముడి మాట పట్టించుకోకు, ఆ రోగం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

నేను హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రా వాళ్ళ కీబోర్డులు బాగుచేస్తా, ముప్పై ఏళ్ళ పైమాటే. మిరాజ్‌లు నా చేతికి వచ్చినవి రెండే, కానీ ఆ రెండూ నేర్పాల్సినంతా నేర్పాయి. ముందు ధైర్యం చెప్తా, పదిసార్లలో ఒక్కసారైనా లోడ్ అయి సౌండ్ వచ్చిందన్నావు చూడు, అక్కడితో సగం గండం గడిచింది. అంటే ప్రాసెసర్, మెమరీ, పవర్ సప్లై అన్నీ పనిచేస్తున్నట్టే లెక్క. మిరాజ్‌కి సొంత బుర్ర ఉండదు నాయనా. ఆన్ చేయగానే ఫ్లాపీ చదవడానికి సరిపడా చిన్న ప్రోగ్రామే లోపల ఉంటుంది, మిగతా ఆపరేటింగ్ సిస్టమ్ అంతా డిస్క్ మీదే. ఫ్లాపీ చదవకపోతే అది ఉత్త కీలున్న బల్ల. అందుకే జనం చచ్చిందనుకుని అమ్మేస్తారు, నీలాంటి వాళ్ళకి తొంభైకి దొరుకుతుంది.

ఇప్పుడు ఆ పెన్ను రాతల డిస్కులు తీసి మూలలు చూడు. చతురస్రం చిల్లు ఒకవైపే ఉందా, రెండువైపులా ఉందా? రెండువైపులా ఉంటే అవి హెచ్‌డీ ఫ్లాపీలు, 1.44 ఎంబీవి. మిరాజ్ పుట్టినప్పుడు అవి లేవు, దానికి కావాల్సింది డబుల్ డెన్సిటీవి, ఒకే చిల్లు ఉండేవి. హెచ్‌డీ మీద ఈ డ్రైవ్ రాసేటప్పుడు రాసినట్టే ఉంటుంది, కొన్నాళ్ళకి చెరిపేసిన పలకలా అయిపోతుంది, ఎందుకంటే వాటి పూత వేరు, దానికి గట్టి అయస్కాంత ఫీల్డ్ కావాలి. చిల్లు మీద టేప్ అతికించి వాడేవాళ్ళున్నారు, నేనూ అతికించా, నమ్ముకోవద్దు.

డిస్క్ మంచిదైతే డ్రైవ్ చూడాలి. ప్లగ్ పీకి, పీకాక కూడా ఓ పావుగంట ఆగి మూత తియ్యి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, పెద్ద కెపాసిటర్లున్నాయి. ఇంకోటి, మీ ఊళ్ళో చలికాలం హీటర్ వేసుకుని కార్పెట్ మీద సాక్సులతో నడిచి తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చిటుక్కుమంటుంది కదా, ఆ చిటుకు చాలు ఆ చిప్పులు పోవడానికి. కార్పెట్ లేని చోట, వంటగట్టు మీద పెట్టుకో, ముందు ఏదైనా ఇనుప పైపు ముట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టు.

డ్రైవ్ బయటికి తీశాక డిస్క్‌ని చదివే హెడ్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన చెవిపుల్లతో మెల్లగా తుడువు. ఒకవైపు హెడ్డే ఉన్న డ్రైవ్ అయితే పైన చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, దాన్ని పీకావో అయిపోయావు. హెడ్ జరిగే ఇనుప పట్టాల మీద గ్రీజు ఎండిపోయి పాత ఆవకాయ జాడీ అంచులా గట్టిపడి ఉంటుంది, నువ్వు చెప్పిన గర్ గర్ బహుశా అదే. గీకి తుడిచి కొత్త గ్రీజు ఓ బొట్టు, అంతే, పూసెయ్యకు.

మొద్దు నోట్ల సంగతి డిస్క్ ఎక్కాక చూద్దాం. కానీ ఒక పరీక్ష చెప్తా. ఒకే కీ మీద, విడిగా, ఆదితాళం వేసినట్టు ఎనిమిది లెక్కపెడుతూ కొట్టు. ప్రతి ఎనిమిదికీ ఒకసారే, అదీ అదే స్థానంలో మొద్దుగా వస్తే కీల తప్పు కాదు. ఈ మిషన్‌లో ఎనిమిది వాయిస్‌లు, అంటే ఒకేసారి ఎనిమిది నోట్లు మోగుతాయి, ఒక్కో దానికీ సౌండ్ పదునుగా రావాలో మొద్దుగా రావాలో చూసే ఒక్కో ఫిల్టర్ చిప్, కర్టిస్ వాళ్ళ సీఈఎం 3328. కొట్టిన దెబ్బల్ని వరసగా ఒక్కో వాయిస్‌కి పంచుతుంది. అందులో ఒకటి జబ్బు పడిందని అర్థం.

డల్లాస్_కిట్టు:
బాబాయ్ చెప్పాక చెప్పడానికి పెద్దగా లేదు కానీ ఒక పొరపాటు అందరూ చేస్తారు, నేనూ చేశా, అందుకే ముందే అంటున్నా. ఇంటర్నెట్‌లో మిరాజ్ డిస్క్ ఇమేజ్‌లు దొరుకుతాయి కదా అని యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొని రాయాలని చూడకండి, అది జన్మలో రాయదు. ఆ యూఎస్‌బీ డ్రైవ్‌లకి 720 కేబీ, 1.44 ఎంబీ ఇలాంటి మామూలు పీసీ ఫార్మాట్లు తప్ప రావు. మిరాజ్‌ది వింత లెక్క, ఒక్కో ట్రాక్‌లో 1024 బైట్ల సెక్టర్లు ఐదు, చివర్న 512 ది ఒకటి, అలా 80 ట్రాకులు, మొత్తం 440 కేబీ. దీనికి మదర్‌బోర్డ్ మీద ఫ్లాపీ కనెక్టర్ ఉన్న పాత పీసీ, ఓమ్నిఫ్లాప్ లాంటి ప్రోగ్రామ్ కావాలి. లేదంటే గోటెక్ పెట్టుకోవడమే, ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో కూర్చుని పెన్‌డ్రైవ్‌లోంచి చదువుతుంది. ఇమేజ్‌ని హెచ్‌ఎఫ్‌ఈ ఫైల్‌గా మార్చి వేసుకోవాలి. నేనైతే రెండో దానికే ఓటు, కానీ పాత డ్రైవ్‌ని పారెయ్యకండి, గోటెక్ కోసం కేస్‌ని కొయ్యకండి, రేపు అమ్మాలంటే ఏడుస్తారు.

అన్నట్టు మీరు కొన్నది పెన్సిల్వేనియాలో అన్నారు, ఎన్సోనిక్ వాళ్ళ ఫ్యాక్టరీ అక్కడే మాల్వర్న్‌లో ఉండేది. పుట్టింట్లోనే దొరికిందన్నమాట. దీంట్లో సౌండ్ పుట్టించే డాక్ చిప్ తయారుచేసింది బాబ్ యానెస్, కమొడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్‌లో సిడ్ అనే సౌండ్ చిప్ చేసింది కూడా ఆయనే. ఇమ్యులేటర్ 2 అనే ఇంకో శాంప్లర్ దాదాపు ఎనిమిది వేల డాలర్లు అమ్ముతున్న రోజుల్లో, 1980ల మధ్యలో, దీన్ని 1695కి దింపారు. అందుకే అంత మంది దగ్గర ఉంది, అందుకే అన్ని బేస్‌మెంట్లలో ఉంది.

ఎడిసన్_గుమ్మెట:
బాబాయ్, కిట్టు గారూ, ఇద్దరికీ దండం. అప్‌డేట్.

పెన్ను రాతల మూడూ రెండు చిల్లులవే. అంటే పాత ఓనర్ హెచ్‌డీ మీద రాసుకున్నాడు, అవి చెరిగిపోయాయి. ఏం రాసుకున్నాడో ఇక ఎప్పటికీ తెలీదు, ఒకదాని మీద "చర్చ్" అని మాత్రం ఉంది.

మొన్న రాత్రి వంటగట్టు మీద పెట్టి విప్పా. గ్రీజు మీరన్నట్టే గోధుమరంగులో గట్టిపడిపోయింది, టూత్‌పిక్‌తో గీకితే పొట్టులా రాలింది. హెడ్ తుడిస్తే చెవిపుల్ల నల్లగా వచ్చింది, మూడు పుల్లలు పట్టింది తెల్లగా రావడానికి. అంతా బిగించి ఆన్ చేస్తే అసలు డ్రైవ్ తిరగడమే మానేసింది, దాని పచ్చ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది. రాత్రి పన్నెండింటికి చెమటలు పట్టేశాయి. బాగున్నదాన్ని పాడుచేశానా?

సోల్డర్_బాబాయ్:
కంగారు పడకు. లైటు ఆరట్లేదంటే నూటికి తొంభైసార్లు రిబ్బన్ కేబుల్ తిరగేసి పెట్టావని. కేబుల్ అంచుకి రంగు గీత ఉంటుంది, అది ఒకటో పిన్ వైపు రావాలి. డ్రైవ్ వెనకాల బోర్డు మీద ఒకటి అని సన్నగా రాసి ఉంటుంది, టార్చ్ వేసి చూడు. దీనివల్ల మామూలుగా ఏమీ కాలదు. ఇకనుంచి ఏదైనా పీకేముందు ఫోన్‌తో ఫోటో తీసుకో, ముప్పై ఏళ్ళయినా నేనూ తీస్తా. మా దగ్గరికి ఒకాయన అమెరికా నుంచి తెచ్చిన కీబోర్డుని 230 వోల్టుల్లో నేరుగా పెట్టి పొగతో సహా తెచ్చాడు, దాని ముందు నీదొక తప్పా.

డల్లాస్_కిట్టు:
అన్నట్టు మూత ఎలాగూ తీశారు కాబట్టి బోర్డుల మధ్య ఉన్న మిగతా కేబుళ్ళు కూడా ఒక్కోటి పీకి మళ్ళీ పెట్టండి, మూడు నాలుగుసార్లు. నలభై ఏళ్ళ తుప్పు పిన్నుల మీద ఉంటుంది, ఆ రాపిడికి పోతుంది. నా దాంట్లో సగం దెయ్యాలు అలాగే వదిలాయి.

ఎడిసన్_గుమ్మెట:
తిరగేసే పెట్టా 🙈 ఎర్ర గీత అటు వైపుంది. సరిచేశా, కంపెనీ డిస్కులు రెండూ వరసగా ఆరుసార్లు లోడ్ అయ్యాయి, ఒక్కసారి కూడా మూలగలేదు. గోటెక్ ఆర్డర్ పెట్టా కానీ అది వచ్చేదాకా ఆగలేక ఆ డిస్కుల్లో ఒకదాంతో బూట్ చేసి గుమ్మెట ఎక్కించేశా. డిస్క్ రైట్ ప్రొటెక్ట్ కిటికీ తెరిచే ఉంచా, పొరపాటున సేవ్ నొక్కి ఉన్న సౌండ్లు పోగొట్టుకుంటానేమోనని.

క్యాసెట్ డెక్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వెనకాల ఇన్‌పుట్‌లోకి వైరు, శాంపిల్ అప్పర్ బటన్ నొక్కి, క్యాసెట్ ప్లే. కీబోర్డు ఒక్కో సగానికి 64 కేబీ మెమరీ, అంటే సెకనుకి ముప్పై వేల బైట్ల చొప్పున తీసుకుంటే రెండు సెకన్లే. నాకు కావాల్సింది ఒక్క దెబ్బ. కానీ మొదటి పదిహేనుసార్లూ దెబ్బ బదులు క్యాసెట్ సొయ్‌మనే గోలే దొరికింది, సౌండ్ ఎంత పెరిగితే రికార్డింగ్ మొదలవ్వాలో చెప్పే నంబర్ ఒకటుందట, అది తక్కువ పెట్టి ఉంది. మాన్యువల్ పీడీఎఫ్ చూసి పెంచా. కొన్ని నంబర్లు పదహారు లెక్కలో ఉన్నాయి, 9 తర్వాత ఏ వస్తుంది, నాకు మతిపోయింది కాసేపు.

చివరికి పడింది. ఎనిమిది బిట్లే కాబట్టి కొంచెం ఇసుక రాలినట్టు ఉంది, కానీ కింది కీల మీద కొడితే కుండ లోపలి గుమ్ మనే మోత ఉంది చూశారూ, అది నాకు ఫోన్ యాప్‌లో రాలేదు (బుల్లోడా, నీ మాట విని అదీ ట్రై చేశా).

బాబాయ్, మీ పరీక్ష కూడా చేశా. ఒకే కీ మీద ఎనిమిది లెక్కపెట్టి కొడితే ప్రతి ఆవర్తనంలో ఆరో దెబ్బ మొద్దు. కేబుళ్ళన్నీ పీకి పెట్టినా అంతే. మళ్ళీ మళ్ళీ అదే.

సోల్డర్_బాబాయ్:
అయితే ఖాయం, ఒక వాయిస్. ఫిల్టర్ చిప్పులు ఎనిమిదీ వరసగా ఉంటాయి. సాకెట్లలో ఉంటే అనుమానం ఉన్నదాన్ని పక్కదానితో మార్చి చూడు, మొద్దు దెబ్బ స్థానం మారితే చిప్పే దొంగ. మారకపోతే దాని చుట్టూ ఉన్న కెపాసిటరో, దాని దాకా వచ్చే దారో. నేరుగా అతికించి ఉంటే మాత్రం నువ్వు ముట్టుకోవద్దు, ఆ బోర్డు ట్రాక్‌లు వేడికి లేచిపోతాయి, తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్ళు. చిప్ కొనేముందు ఈ మార్పిడి పరీక్ష తప్పనిసరి, అవి ఇప్పుడు చవగ్గా దొరకవు, చాలాసార్లు విడిభాగాల కోసం విప్పి అమ్మే పాత మిరాజ్‌లే దిక్కు.

వైజాగ్_బుల్లోడు:
సారీ బ్రో, ఆ గుమ్మెట క్లిప్ ఏదైనా పెట్టు, వినాలనుంది

ఎడిసన్_గుమ్మెట:
పెడతా తమ్ముడూ. చిప్పు సంగతి వచ్చే వారాంతం చూస్తా, ఇప్పుడే మళ్ళీ విప్పే ఓపిక లేదు, వంటగట్టు కూడా తిరిగిచ్చెయ్యమని నోటీసొచ్చింది.

నిన్న రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి వినిపించా. ఏ మిషన్, ఎంతకి కొన్నావు ఏమీ అడగలేదు, కళ్ళు మూసుకుని విన్నాడు. రెండు ఆవర్తనాలయ్యాక, "దెబ్బ నాదే, కానీ ఆరో దెబ్బకి చెయ్యి జారుతోంది, ఎవడ్రా వాయించేది?" అన్నాడు.